తణుకులో పొద్దుటి టిఫిను



విజయవాడ నుంచి విశాఖపట్నం వైపు కారులో వెళ్ళేవాళ్ళలో చాలామందికి తణుకు అంటే రోడ్డు మీద కనిపించే ఒక ఆకుపచ్చ బోర్డు మాత్రమే. తాడేపల్లిగూడెం దాటాక వస్తుంది, సిద్ధాంతం వంతెన ఎక్కేలోపు వెనకపడిపోతుంది. ఒకప్పుడు 5వ నంబరనీ ఇప్పుడు 16వ నంబరనీ పిలిచే ఆ జాతీయ రహదారి పక్కన అద్దాల రెస్టారెంట్లు చాలా వెలిశాయి. కారు నిలపడానికి చోటుంటుంది, చెయ్యి కడుక్కోవడానికి సబ్బు ఉంటుంది, పెద్ద మెనూ కార్డు ఉంటుంది. ఆకలి తీరుతుంది. అయినా సరే, పొద్దున్న ఏడూ ఎనిమిదింటి మధ్య అటువైపు వెళ్ళేవాళ్ళెవరైనా నన్ను అడిగితే, రహదారి వదిలి ఊళ్ళోకి వెళ్ళండి, నరేంద్ర సెంటరు దాకా పోండి, బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో ఏ చిన్న టిఫిను హోటలు ముందు సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ ఎక్కువున్నాయో చూసి అందులోకి వెళ్ళండి అని చెబుతాను. ఎందుకు చెబుతానో ఈ పది పదిహేను నిమిషాల్లో మీకు వివరిస్తాను.

రహదారి మీది రెస్టారెంటుకి వచ్చే మనిషి మళ్ళీ రాడు. వచ్చినా ఆరు నెలలకో ఏడాదికో వస్తాడు. ఇవాళ చట్నీ పులిసినా, సాంబారు చప్పగా ఉన్నా, రేపు వచ్చి నిలదీసేవాడు ఉండడు. ఊళ్ళో హోటలు సంగతి అలా కాదు. అక్కడికి నిన్న వచ్చినవాళ్ళే ఇవాళా వస్తారు, ఇవాళ తిన్నవాళ్ళే రేపూ వస్తారు. రైసుమిల్లు గుమాస్తా, కోర్టు పని మీద పల్లెటూరి నుంచి వచ్చిన రైతు, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికెళ్ళే కార్మికుడు, పిల్లల టిఫిను క్యారేజీ పట్టుకుని వచ్చిన ఇల్లాలు, వీళ్ళందరికీ ఆ పచ్చడి రుచి నోటికి అలవాటు. ఉప్పు పిసరు తేడా వస్తే గల్లాపెట్టె దగ్గర మొహమాటం లేకుండా చెప్పేస్తారు. అలాంటివాళ్ళ కోసం వండిన తిండిని, దారిన పోయే మనకి కూడా అదే ప్లేటులో, అదే ధరకి పెడతారు. ప్రయాణంలో ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ హోటళ్ళలో పని మనం వెళ్ళేసరికి మొదలయ్యేది కాదు. ఇడ్లీ పని ముందురోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. మినప్పప్పు నానబెట్టి, సాయంత్రానికి రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ అందులో కలిపి, పెద్ద గిన్నెల్లో రాత్రంతా వదిలేస్తారు. మినుములో ఒక జిగురుంది. పిండి పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ లాంటి సూక్ష్మజీవుల వల్ల పుట్టే గాలిని ఆ జిగురు బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. పిండి పొంగేది, ఇడ్లీ గుల్లగా వచ్చేది అందుకే. చలికాలంలో పొంగడం ఆలస్యమవుతుంది, ఎండాకాలంలో త్వరగా పులిసిపోతుంది. ఏ కాలానికి ఎంత ముందు రుబ్బాలో, ఎప్పుడు ఉప్పు వెయ్యాలో చెప్పే పుస్తకం ఆ వంటింట్లో ఉండదు. పిండిలో చెయ్యి పెట్టి చూస్తారు, అంతే. తెల్లవారుజామున తడిగుడ్డ పరిచిన రేకుల్లో పిండి వేసి, ఆవిరికి ఎక్కిస్తారు. మొదటి వాయి దిగేసరికి వీధిలో ఇంకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

పెసరట్టుకి ఈ పులియడం లేదు. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, గుప్పెడు బియ్యం వేసి రుబ్బిన పిండిని ఆ పూటే పొయ్యాలి. నిలవుంటే రుచి పోతుంది. అందుకని పెసరట్టు బాగుండే హోటల్లో పిండి కాస్త తక్కువే రుబ్బుతారు, అయిపోయాక లేదని చెప్పేస్తారు. లేదని చెప్పే హోటలంటే నాకు గౌరవం.

పెనం దగ్గర నిలబడి చూడటానికి ఎవరూ అడ్డు చెప్పరు, చూడండి. మందపాటి ఇనప పెనం. దాని మీద నీళ్ళు చిలకరిస్తాడు వంటమనిషి. చుయ్యిమని శబ్దం వచ్చి నీళ్ళు ఆవిరైపోగానే చీపురుతో ఒక్కసారి ఊడుస్తాడు. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పుకుంటూ అంచులదాకా తీసుకెళతాడు. ఆకుపచ్చ రంగు పలచబడుతుంది. దాని మీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి చల్లి, అట్లకాడతో లోపలికి అదుముతాడు. చుట్టూ నూనె వేస్తాడు, అడిగితే నెయ్యి వేస్తాడు. అంచు ఎర్రబడి దానంతట అది పైకి లేచేదాకా అట్లకాడ పెట్టడు. తొందరపడితే అట్టు చిరుగుతుందని అతనికి తెలుసు, వెనక నిలబడి కేకలేసేవాళ్ళకి కూడా తెలుసు. ఉప్మా కావాలన్నవాళ్ళకి మధ్యలో ఒక ముద్ద ఉప్మా పెట్టి మడుస్తాడు. పక్కన అల్లం పచ్చడి. ఆ పచ్చడిలో అల్లం ఘాటుకి చింతపండు పులుపు, బెల్లం తీపి సరిగ్గా తూగాలి. గోదావరి జిల్లాల చేతిలో బెల్లం కాస్త ముందుకే వస్తుంది. గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు మొదటి ముద్దకి కొంచెం ఆగి ఆలోచిస్తారు, తర్వాత మళ్ళీ అడుగుతారు.

ఆ హోటల్లో మాటలు కూడా వినదగ్గవే. "ఏం కావాలండి?" అని అడుగుతాడు వడ్డించే కుర్రాడు. "ఉల్లి పెసరట్టు ఒకటి వెయ్యి నాన్నా" అంటాం. "పెసరట్టు కాస్త ఆగాలండి, ముందు చాలామంది ఉన్నారండి. ఈలోగా వేడిగా ఇడ్లీ దిగిందండి, ఒక ప్లేటు పెట్టమంటారా?" ఇది అమ్ముకోవడానికి అన్న మాట కాదు. ఆకలితో ఉన్న మనిషిని ఊరికే కూర్చోబెట్టడం అతనికి నచ్చదు. మన ఎదుటి కుర్చీలో ఎవరో పెద్దాయన వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండి?" అని అడిగి కూర్చుంటాడు. రద్దీ వేళ బల్ల మొత్తం మనదే అనుకోవడానికి వీల్లేదు. ఆయన పూరీ తెప్పించుకుంటాడు. శనగపిండితో చేసిన బొంబాయి చట్నీ పోయించుకుంటాడు. "ఎక్కడిదాకా అండి ప్రయాణం?" అంటాడు. అక్కడినుంచి కాలవలకి నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారో, దాళ్వా పంట ఎలా ఉందో, పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఎన్నున్నాయో అన్నీ వస్తాయి. ఊరి సంగతులు ఇంత తక్కువ సేపట్లో, ఇంత నమ్మకంగా తెలిసే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ఈ ఊరికే దగ్గరైన వంటకం ఇంకొకటుంది. దిబ్బరొట్టె. కొందరు మినపరొట్టె అంటారు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, నూనె వేసిన మూకుడులో మందంగా పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద వదిలేస్తారు. కింద బాగా ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా రావాలి. గ్యాసు మంట పెద్దది చేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, అందుకే ఇది తొందరున్నవాళ్ళకి దొరికే టిఫిను కాదు. పశ్చిమ గోదావరిలో దీన్ని చెరకు పానకంతో తింటారు. తణుకు చుట్టూ చెరకు తోటల చరిత్ర ఉంది. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపించింది ఇక్కడే. పంచదారతో మొదలైన ఆ సంస్థే తరవాత ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం కూడా తయారుచేసి ఇచ్చింది. గోస్తనీ ఒడ్డున ఉన్న ఈ మధ్యతరహా పట్టణంలో రాకెట్టు ఇంధనం తయారవుతుందని చెబితే బయటివాళ్ళు ఒక పట్టాన నమ్మరు. నన్నయభట్టు యజ్ఞం చేసిన ఊరని కూడా తణుకు వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. సరే, రొట్టె దగ్గరికి వద్దాం. వేడి రొట్టె ముక్క తుంచి పానకంలో ముంచితే మినుము రుచీ చెరకు రుచీ రెండూ విడివిడిగా తెలుస్తాయి. బియ్యం, మినుము, చెరకు ఈ డెల్టా పంటలే. వరి కోతకి ముందే చేలో మినుములు చల్లి, కోశాక మిగిలిన పదునుతోనే పండించుకునే అలవాటు కృష్ణా గోదావరి డెల్టాలది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ నేల ఎంతమందికి అన్నం పెట్టిందో మనందరికీ తెలుసు. కొబ్బరి చట్నీకి కొబ్బరికాయ గోదావరి అవతల కోనసీమ నుంచి వస్తుంది. ప్లేటులో ఉన్న సరుకులో ఎక్కువ భాగం మనం ఆ పొద్దున్న దాటి వచ్చిన పొలాల్లోనూ, కాసేపట్లో దాటబోయే తోటల్లోనూ కాసేదే.

దిబ్బరొట్టె, చెరకు పానకం అనగానే నాకు అమెరికా గుర్తొస్తుంది. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డారు కదా, వాళ్ళకి వాఫిల్ హౌస్ గురించి చెప్పక్కర్లేదు. 1955లో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కనే పెట్టిన హోటలు అది. ఇప్పుడు అమెరికా దక్షిణాది రహదారుల మీద ఎటు చూసినా కనిపిస్తుంది. ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. వంట అంతా మన కళ్ళముందే, ఎక్కువగా పెనం మీదే. గళ్ళు గళ్ళుగా కాల్చిన వాఫిల్ మీద తియ్యని పాకం పోసుకుంటారు. మొక్కజొన్న రవ్వని జావగా ఉడికించి గ్రిట్స్ అని పెడతారు, అది మన రవ్వ జావకి దగ్గర చుట్టం. లారీ డ్రైవరూ, ఆసుపత్రి నర్సూ, కాలేజీ కుర్రాళ్ళూ పక్కపక్కన కూర్చుంటారు. తుపాను వచ్చి వెళ్ళాక ఒక ఊరు ఎంత దెబ్బతిందో అంచనా వెయ్యడానికి అక్కడి విపత్తు సహాయ అధికారులు ఆ ఊళ్ళో వాఫిల్ హౌస్ తెరిచి ఉందా, సగం మెనూతో నడుస్తోందా, మూసేశారా అని చూస్తారు. పొద్దుటి పొయ్యి వెలిగిందంటే ఊరు కోలుకుంటోందని వాళ్ళ లెక్క. తుపాన్ల తీరంలో బతికే మనకి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇలా పక్కపక్కన కూర్చోవడం అక్కడా ఇక్కడా ఊరికే వచ్చింది కాదు. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి.

మన పాత ప్రయాణాల్లో పొద్దుటి టిఫిను అనేదే లేదు. ఇంట్లో ఉంటే చద్దన్నం. కాలవల మీద పడవ ప్రయాణమైతే అటుకులో, సత్తుపిండో, మూటకట్టుకున్న పులిహోరో. డబ్బిచ్చి తినాలంటే పూటకూళ్ళ ఇల్లే. పాత వీథి నాటకం క్రీడాభిరామంలో ఓరుగల్లులోని ఒక పూటకూటింటి భోజనం వర్ణన ఉంది, పెసరపప్పూ నెయ్యీ గడ్డపెరుగుతో ఒక రూకకి. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉండనే ఉంది. ఆ ఇళ్ళల్లో కూర్చునే హక్కు అందరికీ లేదు. తర్వాత రైళ్ళొచ్చాయి, కాఫీ హోటళ్ళొచ్చాయి. మద్రాసు రాజధాని హోటళ్ళలో బ్రాహ్మలకి వేరే గది, మిగతావాళ్ళకి వేరే గది. దళితులకి అసలు గుమ్మంలోకే ప్రవేశం లేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం దుకాణాలూ, హోటళ్ళూ, భోజనశాలల పేర్లు ఎత్తి మరీ, కులం పేరుతో ఎవరినీ రావద్దనడానికి వీల్లేదని చెప్పింది. 1955లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం వచ్చింది. హోటలు గుమ్మం సంగతిని దేశపు మూలశాసనంలో రాయవలసి వచ్చిందంటే ఆ గుమ్మం దగ్గర ఎంత అవమానం పోగుపడి ఉందో ఊహించండి. చట్టం వచ్చాక కూడా ఎన్నో పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి సాగింది. దాని మీద పోరాడినవాళ్ళు దెబ్బలు తిన్నారు.

అమెరికా దక్షిణాదిలోనూ ఇదే కథ. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో ఊళ్ళో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలోని టిఫిను కౌంటరు ముందు కూర్చుని కాఫీ అడిగారు. తెల్లవాళ్ళకే ఇస్తామన్నారు. వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకా కొంతమంది వచ్చి కూర్చున్నారు. రోజు రోజుకీ వచ్చేవాళ్ళు పెరిగారు. ఆ ఏడాది జులైకి ఆ కౌంటరు అందరికీ తెరిచారు. 1964లో దేశం మొత్తానికి చట్టం వచ్చింది. ఒక కప్పు కాఫీ, ఒక కుర్చీ, అడిగింది అంతే.

అందుకే తణుకులో ఆ ఇరుకు హోటల్లో, ముక్కూ మొహం తెలియని మనిషి "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండి?" అని అడిగి ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆయన ఎవరో నేను అడగను, నేనెవరో ఆయన అడగడు, ఇద్దరికీ ఒకే బకెట్లోంచి సాంబారు పోస్తాడు ఆ కుర్రాడు. నాకు అది చిన్న విషయంగా కనిపించదు. ఇలా కూర్చోవడానికి మన ముందుతరాలు చాలా ఖరీదు చెల్లించాయి. పెసరట్టు రుచి ఎంత ముఖ్యమో, ఆ బల్ల అందరిదీ కావడం అంతకంటే ముఖ్యమని నా నమ్మకం.

ఈ హోటళ్ళకి ఇప్పుడు కష్టకాలం. రోడ్లు వెడల్పు కావడం మంచిదే, ప్రాణాలు నిలుస్తాయి, సమయం కలిసొస్తుంది. కానీ దూరం వెళ్ళే బండ్లు ఊళ్ళోకి రావడం తగ్గిపోయింది. పెద్ద బస్సులు కూడా రహదారి పక్కన ముందే మాట్లాడుకున్న చోట ఆగుతున్నాయి. ఆ బస్సులు ఎక్కడ ఆగాలో నిర్ణయించేవాళ్ళకి నా విన్నపం ఒకటే. పొద్దుటిపూట ఒక్క ఆగడం ఊళ్ళో పెట్టండి, లేదా ఊళ్ళో హోటళ్ళకే రహదారి పక్కన తక్కువ అద్దెకి చోటివ్వండి. పిండి రుబ్బేవాళ్ళ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు కూడా తగ్గుతున్నారు. తెల్లవారుజామున మూడింటికి లేచి పెనం ముందు నిలబడే పనికి తగ్గ జీతం రాకపోతే ఎవరు మాత్రం నేర్చుకుంటారు? ఊరి హోటల్లో పది రూపాయలు ఎక్కువైందని గొణిగేవాళ్ళు, రహదారి మీద అదే ఇడ్లీకి రెట్టింపు ఇచ్చి మాట్లాడకుండా వస్తారు. ఊరి హోటలు ధర పెంచితే దాన్ని కూడా మనం అంత మర్యాదగానే ఒప్పుకోవాలి.

ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. విజయవాడలో తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఏడున్నర ప్రాంతానికి తణుకులో ఉంటారు. రాజమండ్రి వైపు నుంచైతే ఇంకా తీరిగ్గా రావచ్చు, గంటకి కొంచెం పైన పడుతుంది. రైల్లో వచ్చేవాళ్ళకి నిడదవోలు నుంచి భీమవరం వెళ్ళే దారిలో తణుకు స్టేషను ఉంది. ముందు ఒక ప్లేటు ఇడ్లీ తినండి, రెండో వాయిదైతే మరీ మంచిది, అప్పటికి ఆవిరి నిలదొక్కుకుంటుంది. కారప్పొడి, నెయ్యి అడగండి, మొహమాటపడొద్దు. కూర్చోగానే పెసరట్టు చెప్పేయండి, వచ్చేసరికి ఇడ్లీ అయిపోతుంది. దిబ్బరొట్టె అన్ని హోటళ్ళలోనూ ఉండదు, ఎక్కడ దొరుకుతుందో పక్కన కూర్చున్నవాళ్ళని అడగండి, దగ్గరుండి దారి చూపిస్తారు. చంటిపిల్లలుంటే కారం లేని చట్నీ ఇమ్మంటే ఇస్తారు. తొమ్మిదిన్నర దాటాక వెళ్ళి పెసరట్టు లేదంటే కోపం తెచ్చుకోకండి. మిగిలినవాటిలో వేడిగా ఏం దిగిందో అడిగి అది తినండి. మైసూరు బజ్జీ అప్పుడే మూకుట్లోంచి తీస్తూ ఉండొచ్చు.